అన్నం చుట్టకు పచ్చి చేప అక్కరలేదు

సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో జపాను వంటకం సుషీ మీద మొన్న వచ్చిన వ్యాసాన్ని మూడుసార్లు చదివాను. ముప్పై ఒక్క సంవత్సరాలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని. అచ్చులో తప్పు కనిపిస్తే ఎర్ర కలం కోసం చెయ్యి చాచే అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు. మీ వ్యాసంలో మూడు చోట్ల గీత పెట్టాను. సుషీ అంటే పచ్చి చేప అన్న చోట ఒకటి. జపాను బియ్యం దొరికితేనే ఇంట్లో ప్రయత్నించమన్న చోట ఇంకొకటి. చుట్టిన రోల్స్ రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే పిల్లల క్యారియర్‌లో సర్దవచ్చన్న చోట మూడోది. మొదటి రెండూ తెలియక రాసినవి కాబట్టి ఊరుకోవచ్చు. మూడోది చదివాకే ఈ ఉత్తరానికి కూర్చున్నాను. బుధవారం సంచికలో ఒక పాఠకుడు ‘మన పిల్లలకు పచ్చి చేపలు తినే గతి పట్టింది’ అని వాపోయిన ఉత్తరం కూడా వేశారు. మీ వ్యాసకర్తకూ ఆయనకూ గొడవ ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ఇద్దరూ పొరపడింది ఒక్క చోటే.

సుషీ అంటే చేప కాదు, పులుపు కలిపిన అన్నం. జపాను భాషలో ఆ మాట పుట్టిందే పులుపు నుంచి అంటారు. పచ్చి చేప ముక్కల్ని అన్నం లేకుండా తింటే దాని పేరు సాషిమి, అది వేరే వంటకం. అన్నంలో పులుపు, చిటికెడు తీపి, ఉప్పు కలిపి ఆరబెట్టి, దానితో ఏది జత చేసినా సుషీయే. ఇక మన పులిహోర సంగతి నేను చెప్పాలా? పేరులోనే ముందు పులుపు నిలబడి ఉంది. ప్రయాణానికి మన పెద్దవాళ్లు పులిహోర మూట కట్టింది రుచి కోసమొక్కటే కాదు, పులుపు పట్టిన అన్నం తొందరగా చెడదని వాళ్లకు తెలుసు. జపాను వాళ్లకూ అదే తెలుసు. వాళ్లు చింతపండు బదులు బియ్యపు వినెగర్ పోశారు, తాలింపు మానేశారు.

మా ఇంట్లోకి ఇది మనవడి వెంట వచ్చింది. విశాఖలో ఉండే మా అమ్మాయి వాడిని వేసవి సెలవులకు మా దగ్గర వదిలింది. ఆరో తరగతి. టీవీలో ఏదో బొమ్మల కథలో పిల్లలు నల్లటి చుట్టలు తినడం చూసి ‘అమ్మమ్మా, అవి చేస్తావా’ అని వెంటపడ్డాడు. నేను వెంటనే సరే అనలేదు. దానికి కారణం అంతకు వారం ముందు జరిగిన ఒక పెళ్లి.

పెళ్లి ఎవరిదో, వంట ఎవరిదో రాయను. వైశాఖ మాసం, రాత్రి ఏడు గంటలకు భోజనాల దగ్గర సుషీ కౌంటరు తెరిచారు. గులాబీ రంగు చేప ముక్కలు, పక్కన అన్నం ముద్దలు, పైన పచ్చ దీపాలు. మంచు పలకల మీద పెట్టారు కానీ, ఎనిమిదింటికే మంచు కరిగి పళ్లెం కింద నీళ్లు కారుతున్నాయి. పదిన్నరకు మేము చేతులు కడుక్కునే వేళకు అవే ముక్కలు అలాగే ఉన్నాయి, వాటి మీద కొత్తగా నిమ్మచెక్కలు అలంకరించారు. మనవడు చెయ్యి పెట్టబోతే లాగేశాను. మావారి అన్నయ్య కొడుకు మాత్రం ధైర్యంగా తిన్నాడు. మర్నాడు వాడికి సెలైన్ ఎక్కించారు. సుషీ వల్లేనని నేను ప్రమాణం చేయను, ఆ రాత్రి వాడు తిన్నవి ఇరవై రకాలు. ఆ కరిగిన మంచు మాత్రం నా కళ్లలో నుంచి పోలేదు.

మీ వ్యాసంలో ‘తాజా చేప అయితే భయం లేదు’ అన్నారు. మా వీధికి చింతపల్లి తీరం నుంచి చేపల గంప తెచ్చే ఆమె దగ్గర నేను ఇరవై ఏళ్లుగా కొంటున్నాను. మొప్పలు ఎర్రగా, కళ్లు మిలమిల మెరిసే కోనాం తెస్తుంది. అంతకన్నా తాజా చేప ఈ ఊళ్లో దొరకదు. అయినా దాన్ని పచ్చిగా తినను. తాజాదనం వేరు, పచ్చిగా తినడానికి పనికిరావడం వేరు. సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే సన్నటి పురుగు ఉండవచ్చు. పడవ మీద ఎగిరి పడుతున్న చేపలోనూ అది ఉండవచ్చు. పచ్చిగా వడ్డించదలచిన చేపను సున్నాకు ఇరవై డిగ్రీల కింద వారం రోజులు గడ్డకట్టించే పద్ధతి పెట్టుకున్నది అందుకే. మన ఇళ్లలో ఫ్రీజర్ సంగతి, మన కరెంటు సంగతి మనకు తెలుసు. బాగా ఉడికించిన ముక్కతో ఈ తంటా ఉండదు. అందుకని మనవడితో ఒప్పందం చేసుకున్నాను. చుట్టలు చేస్తాను, లోపల పెట్టేవన్నీ నా పొయ్యి మీద నుంచే రావాలి.

ఉడికించిన కూరతో చేస్తే అది నకిలీ సుషీ అని మా అమ్మాయి కూడా మొదట నవ్వింది. అమ్మాయి చదువుకున్నదే, చరిత్ర మాత్రం చదవలేదు. సుషీకి పూర్వరూపం చేపను ఉప్పు వేసి అన్నంలో నెలల తరబడి మాగబెట్టడం. చేప తిని అన్నం పారేసేవారు. బివా సరస్సు దగ్గర ఇప్పటికీ ఆ పద్ధతి ఉంది. తరవాణి కుండ వాసన తెలిసిన మన ఉత్తరాంధ్ర వాళ్లకు ఇదేమీ వింత కాదు. తరువాత 1820ల నాటికి ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, అన్నం ముద్ద మీద చేప పెట్టి వెంటనే చేతికిచ్చే బండి వాళ్లు వచ్చారు. అప్పుడు ఫ్రిజ్‌లు ఎక్కడివి? రొయ్యను ఉడికించేవారు, పాము చేపను సన్నసెగ మీద మగ్గబెట్టేవారు, గుడ్డుతో అట్టు పోసేవారు, మిగిలిన చేపల్ని వినెగర్లోనో సోయా సాస్‌లోనో ఊరవేసేవారు. హోటళ్ల ఫొటోల్లో గులాబీ రంగులో మెరిసే పచ్చి సాల్మన్ అయితే, 1980లలో నార్వే వాళ్లు తమ చేపల్ని జపానులో అమ్ముకోవడానికి చేసిన ప్రయత్నంతో సుషీలోకి ఎక్కినది. నా పెళ్లి కన్నా చిన్న సంప్రదాయం. కాబట్టి ఉడికించిన రొయ్య పెట్టిన చుట్టే పాత ఇంటి బిడ్డ.

ఇక రెండో గీత, బియ్యం సంగతి. జపాను బియ్యం పొట్టిగా, జిగురుగా ఉంటాయి, నిజమే. ఆ జిగురుకు మూలం అమైలోపెక్టిన్ అనే పిండి పదార్థం. మన సన్న బియ్యంలో అది తక్కువ, అందుకే మన అన్నం పొడిపొడిగా వస్తుంది. అయితే ఏ తెలుగింట్లోనైనా సంక్రాంతి వెళ్లాక వినిపించే ఫిర్యాదు ఏమిటి? ‘కొత్త బియ్యం, అన్నం ముద్దైపోతోంది.’ ఆ ఫిర్యాదే ఇక్కడ వరం. కొత్త బియ్యం తీసుకోండి. రెండోది, గంజి వార్చవద్దు. వార్చితే జిగురంతా గంజితో పోతుంది. అత్తెసరు పెట్టండి. నేను ఒక గ్లాసు కొత్త బియ్యాన్ని మూడుసార్లు కడిగి అరగంట నానబెట్టి, గ్లాసున్నర నీళ్లతో సన్నసెగ మీద వండుతాను. దించాక పది నిమిషాలు మూత తీయను. పాత బియ్యమే ఉంటే ఇంకో పావు గ్లాసు నీళ్లు పోసి, అన్నం వేడిగా ఉండగానే గరిటె వెనకతో రెండు మూడు సార్లు మెల్లగా అదమండి. మెత్తటి ముద్ద చేయకండి, మెతుకు మెతుకూ అంటుకుంటే చాలు.

అన్నం ఉడికేలోగా పులుపు సిద్ధం చేసుకోవాలి. బియ్యపు వినెగర్ మా ఊళ్లో నాకు దొరకలేదు. రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, అర చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా చక్కెర కరిగే దాకా కలుపుతాను. జపాను వాళ్లు చక్కెర దీనికి మూడింతలు వేస్తారు. మా ఇంట్లో మావారికి షుగరు, పైగా తియ్యటి అన్నం మాకు నచ్చలేదు. అరటాకు పరిచి వేడి అన్నం దాని మీద పల్చగా నెరిపి, పులుపు చిలకరించి, చెక్క గరిటెతో కోస్తున్నట్టు కలపాలి. రెండో చేత్తో విసనకర్ర. సరదాకి చెప్పడం లేదు, జపానులో కూడా సుషీ అన్నాన్ని విసనకర్రతోనే ఆరబెడతారు, మెతుకుకు మెరుపు వస్తుంది. మా తాటాకు విసనకర్ర కరెంటు పోయినప్పుడు తప్ప కిందికి దిగేది కాదు, ఇప్పుడు దానికో ఉద్యోగం దొరికింది.

నల్లటి రేకును నోరి అంటారు. సముద్రపు నాచును కాగితంలా పరిచి ఆరబెట్టినది. విశాఖ నుంచి మా అమ్మాయి పది రేకుల పొట్లం పంపింది. మా అత్తగారికి ఎనభై నాలుగేళ్లు. ఆవిడ పుట్టింది రాజాం పక్క పల్లెలో.  పొట్లం విప్పిన రోజు సోమవారం, ఆవిడ నీచు ముట్టని రోజు. రేకు వాసన చూసి ఆవిడ వేసిన ప్రశ్న ఒకటే. ‘నాచా, నీచా?’ నాచే, నీచు కాదని చెప్పాక శాంతించారు.

ఆ నాచు గురించి ఒక్క ముక్క చెప్పకపోతే నాలోని టీచరు ఊరుకోదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపానులో నోరి సాగు బాగా దెబ్బతింది. నాచు విత్తు ఎక్కడ నుంచి వస్తుందో ఎవరికీ తెలియదు, సముద్రం ఇస్తే ఉంది, లేకపోతే లేదు. కాథ్లీన్ డ్రూ బేకర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1949లో దాని గుట్టు విప్పారు. గవ్వలూ చిప్పల్లో గులాబీ రంగు పోగుల్లా పెరిగే మరో నాచు ఉంది, అది వేరే జాతి అనుకునేవారు. అది ఈ నాచుకే చిన్నతనపు రూపమని ఆమె తేల్చారు. దాంతో జపాను వాళ్లు చిప్పల మీద విత్తు పెంచి వలలకు పట్టించడం నేర్చుకున్నారు. ఆమె జపాను ఎన్నడూ చూడలేదు, 1957లో పోయారు. ఉతో అనే ఊళ్లో సముద్రం ఒడ్డున ఆమెకు స్మారకం కట్టి ఏటా ఏప్రిల్‌లో నాచు రైతులు దండం పెట్టుకుంటారు. గొంగళి పురుగూ సీతాకోక చిలుకా ఒకటేనని పిల్లలకు చెప్పి ఆశ్చర్యపరచిన నేను, ఈ సంగతి నౌకరీలో ఉండగా తెలిసి ఉంటే ఎన్ని పాఠాల్లో వాడుకునేదాన్నో!

సరే, చుట్టడం దగ్గరకు వస్తాను. దానికి చిన్న వెదురు చాప కావాలి. మా వీధి చివర చేటలూ తట్టలూ అల్లే మేదరి ఆయన ఉన్నారు. జానెడున్నర చాప కావాలని అడిగితే మొదట చేట అల్లినట్టు అడ్డంగా, నిలువుగా అల్లి ఇచ్చారు. చూడముచ్చటగా ఉంది కానీ ఏ వైపూ వంగదు, సందుల్లో మెతుకులు ఇరుక్కున్నాయి. మళ్లీ వెళ్లి, కిటికీకి వేలాడదీసే పుల్లల తెర చూపించి ఇలా కావాలన్నాను. ‘ఇంత చిన్న తెర ఏ కిటికీకి టీచరమ్మా?’ అన్నారు. బొమ్మరింటికి అన్నాను. సన్నటి పుల్లలు చీల్చి, చర్మం వైపు నున్నగా ఉంచి, నాలుగు వరసల నూలు దారంతో కట్టి ఎనభై రూపాయలు తీసుకున్నారు. చాప లేకపోతే ఆగిపోనక్కరలేదు. పాత నూలు తువ్వాలు నాలుగు మడతలు వేసి, పైన నూనె రాసిన అరటాకు పెట్టుకున్నా పని జరుగుతుంది.

మొదటి రోజు మూడు చుట్టలు పగిలాయి. అత్తగారు మంచం మీద నుంచి అంతా చూస్తున్నారు. వయసులో ఉన్నప్పుడు ఆవిడ అడ్డపొగ తాగేవారు. మన వైపు సంగతి తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట పీల్చడం. అంగిట్లో తెల్ల మచ్చలు చూసి డాక్టరు భయపెట్టాక మానేశారు. చుట్టే చెయ్యి మాత్రం మరచిపోలేదు. ‘అలా పిసుకుతావేమిటి? చుట్టకు బిగువు చివర్లో ఇవ్వాలి, మొదట్లో కాదు. ఆకు మరీ ఎండితే విరుగుతుంది, తడిస్తే చిరుగుతుంది. చెమ్మ తగలనివ్వు, అదే లొంగుతుంది’ అన్నారు. నాలుగోది ఆవిడ చెప్పినట్టు చుట్టాను.

ఎలాగంటే, చాప మీద నోరి రేకు గరుకు వైపు పైకి వచ్చేలా పరచాలి. నిమ్మరసం కలిపిన నీళ్లలో వేళ్లు ముంచుకుని, గోరువెచ్చటి అన్నం ఒక టీకప్పుడు తీసుకుని పల్చగా, రేకు నలుపు లీలగా కనిపించేటంత పల్చగా పరచాలి. అవతలి అంచున బొటనవేలు వెడల్పు ఖాళీ వదలాలి. కూరలు మధ్యలో కాదు, మన వైపు మూడో వంతులో వరసగా పేర్చాలి. తరువాత అర నిమిషం ఏమీ చేయకుండా ఆగాలి, అత్తగారి మాట ఇదే. అన్నం చెమ్మకు రేకు మెత్తబడుతుంది. అప్పుడు బొటనవేళ్లతో చాప ఎత్తి, మిగతా వేళ్లతో కూరల్ని లోపలికి అదుముతూ, మన వైపు అంచును అన్నం మొదలైన చోట దించాలి. అక్కడొకసారి మెల్లగా దగ్గరకు లాగి, చాప వెనక్కి తీసి, మిగిలింది దొర్లించడమే. చివర్లో చాప పూర్తిగా చుట్టి రెండు చేతులతో ఒక్క నొక్కు. అంచు కింద పెట్టి రెండు నిమిషాలు వదిలితే తనంతట తనే అంటుకుంటుంది. తడి కత్తితో ఎనిమిది ముక్కలు, ప్రతి కోతకూ కత్తి తుడవాలి. తుడవకపోతే ఆరో ముక్క నుంచి నలిగిపోతుంది. పగిలిన మూడు చుట్టల్నీ ఏం చేశానంటారేమో, విప్పి పళ్లెంలో పరిచి పైన కూరలు చల్లాను. దానికీ జపానులో చిరాషి అని గౌరవమైన పేరే ఉంది.

లోపల ఏం పెట్టాలో మీ వ్యాసం హోటలు పట్టిక చూసి రాసింది. పీత పుల్లలు అంటే పీత అనుకున్నారు, అవి తెల్ల చేప గుజ్జుకు రంగు వేసి అచ్చు పోసినవి. నా ఓటు మొదట ఆనపకాయకు. నవ్వకండి. జపాను వాళ్ల పాత చుట్టల్లో ఉండే కాంప్యో అంటే ఆనపకాయ వరుగులే. తొచిగి అనే చోట వేసవిలో కాయను పొడవాటి నాడాల్లా చెక్కి ఎండలో ఆరేస్తారు. మనం వంకాయ, కాకరకాయ వరుగులు చేసుకున్నట్టే. నేను ఎండబెట్టను. లేత ఆనపకాయ చెక్కు తీసి, గింజల భాగం వదిలేసి, చిటికెనవేలు మందాన పొడుగు ముక్కలు కోసి, చెంచా సోయా సాస్, చిన్న బెల్లం ముక్క, కొంచెం అల్లం రసంతో నీళ్లు ఇగిరిపోయే దాకా ఉడికిస్తాను. ఇగరడం ముఖ్యం, తడి మిగిలితే చుట్ట జారిపోతుంది. ఆనపకాయ అంటే ఆమడ దూరం పరిగెత్తే మా మనవడు, అది ఆనపకాయని తెలియక పన్నెండు ముక్కలు తిన్నాడు. ఇప్పటికీ చెప్పలేదు. వాడు మీ పత్రిక చదవడు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

రొయ్యలు ఉడికితే వంకర తిరుగుతాయి, చుట్టలో కుదరవు. ఒక్కో రొయ్యకూ కడుపు వైపు తోక నుంచి తల దాకా శుభ్రమైన వెదురు పుల్ల గుచ్చి, మరిగే ఉప్పు నీళ్లలో వేస్తే నిటారుగా ఉంటాయి. రెండు మూడు నిమిషాల్లో గాజులాంటి రంగు పోయి తెల్లగా, ఎర్రచారలతో తేలుతాయి. పుల్ల తీసి నిలువునా చీల్చి, నల్లటి నరం లాగేయాలి. కోనాం ముక్కలైతే పసుపు, మిరియాల పొడి రాసి ఇడ్లీ రేకుల్లో ఆవిరి మీద ఉడికిస్తాను. ముళ్లు తీసి చిదిపి, మయోనైజ్ బదులు గుడ్డలో వడగట్టిన గట్టి పెరుగు రెండు చెంచాలు కలుపుతాను. గుడ్డట్టు మందంగా పోసి పుల్లల్లా కోయడం అందరికీ తెలిసిందే. శాకాహారులకు క్యారెట్, బీన్స్ ఆవిరి మీద, దోరగా వేయించిన నువ్వులు, పచ్చి కీర దోస. అన్నం తయారుగా ఉంటే చుట్ట ఒక్కింటికి అయిదు నిమిషాలు. బియ్యం నానబెట్టడం దగ్గర నుంచి లెక్కేసినా గంటన్నర, అందులో నేను నిలబడి పనిచేసేది అరగంటే. పూరీ కూర కన్నా తక్కువ శ్రమ, నూనె దాదాపు సున్నా.

నూనె లేదు కదా అని ఆరోగ్యమంతా ఇందులోనే ఉందని మాత్రం రాయకండి. అన్నం ఎంత అందంగా చుట్టినా అన్నమే. మావారు మొదటి రోజు పదహారు ముక్కలు తిని, చక్కెర చూసుకుని ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఇప్పుడు ఆయనకు అన్నం సగం, కూరలు రెట్టింపు. కొర్రలతో చేస్తే మంచిదని ఎవరో అంటే చేశాను. ఒక్క కొర్రలతో చుట్టితే కోసేటప్పుడు ఇసుకలా రాలిపోయాయి. సగం కొర్రలు, సగం కొత్త బియ్యం కలిపి వండితే నిలబడింది.

సోయా సాస్ గిన్నెలో ముంచుకుని ‘జుర్రుకోండి’ అని మీ వ్యాసం చివర్లో ఉంది. మా అక్క కవిటిలో ఉంటుంది, మూత్రపిండాల జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. బావగారికి మూత్రపిండాల జబ్బు, ఆ ఇంట్లో ఉప్పును తూచి వాడతారు. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికే రోజుకు 2000 దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే మీ గిన్నెలో సగం రోజు మునిగిపోతుంది. మీ పత్రిక ఉద్దానంలో కూడా చదువుతారు. మా ఇంట్లో సోయా సాస్ ఆనపకాయలోకి వెళ్లిన చెంచా తప్ప బల్ల మీదకు రాదు. నంజుకోవడానికి అల్లం, నిమ్మరసం, కొత్తిమీర నూరిన పచ్చడి చాలు.

ఇప్పుడు మూడో గీత. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విత్తనాలు మిగిలే ఉంటాయి, ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషం వదులుతాయి. ఆ విషాన్ని మళ్లీ వేడి చేసినా పోగొట్టలేము. పులుపు ఆ మొలకను అడ్డుకుంటుంది, అందుకే నిమ్మరసం కొలత తగ్గించవద్దని చెబుతున్నాను. కానీ గుడ్డు, రొయ్య, చేప పెట్టాక అన్నం పులుపు వాటిని కాపాడదు. వండినవి బయట రెండు గంటలు, ముప్పై రెండు డిగ్రీలు దాటిన ఎండల్లో ఒక్క గంట, అంతే లెక్క. మన ఎండల సంగతి మీకు చెప్పాలా? పొద్దున ఎనిమిదింటికి సర్దిన క్యారియర్ బడిలో పన్నెండున్నరకు తెరుస్తారు. తరగతి గదిలో రేకుల కప్పు కింద, సంచిలో, నాలుగున్నర గంటలు. ఆ గదుల్లో ముప్పై ఏళ్లు నిలబడ్డాను, వేడి ఎంతో నాకు తెలుసు.

ఇక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే చెడిపోకపోవచ్చు గానీ, అన్నం బిరుసెక్కి రాయవుతుంది, నోరి తడిసిన కాగితమవుతుంది. మెత్తబడుతుందని బయట తీసి పెడితే మళ్లీ మొదటి గొడవే. నన్నడిగితే క్యారియర్‌కు వీటిని పంపవద్దు. బడి నుంచి పిల్లలు వచ్చే వేళకు చుట్టి, ఎదురుగా కోసి పెట్టండి. క్యారియర్‌కు పులిహోర ఉండనే ఉంది. మిగిలిన నోరి రేకుల్ని గాలి చొరబడని డబ్బాలో, ఉప్పు జాడీలో వేసినట్టు గుప్పెడు బియ్యం వేసి ఉంచండి. మెత్తబడితే అప్పడానికి సెగ చూపినట్టు దూరం నుంచి రెండు క్షణాలు చూపితే మళ్లీ కరకరలాడుతుంది.

అయ్యా, మీరు వంటల పేజీలో ఫొటోకు అర పేజీ ఇస్తారు. చేసినదాన్ని ఎంతసేపటిలో తినాలో ఒక్క వరస ఇవ్వరు. సుషీకే కాదు, ప్రతి వంటకూ ఆ వరస వేయండి. వచ్చే ఆదివారం దిద్దుబాటు వేయదలచుకుంటే ముందు ఆ ఫ్రిజ్ వాక్యం సరిచేయండి, మిగతావి తరువాత చూసుకోవచ్చు. ఉత్తరం పొడవైందని నాకు తెలుసు. కోయవలసి వస్తే పెళ్లి భాగం కోయండి, నార్వే భాగం కోయండి, నాచు పాఠం కోసినా బాధపడను. నిమ్మరసం కొలత, రెండు గంటల లెక్క, అత్తగారు చెప్పిన అర నిమిషం మాత్రం ఉంచండి. ఆవిడ తన మాట పేపర్లో వచ్చిందో లేదో ఆదివారం నా చేత చదివించుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
విజయనగరం